బొమ్మలో పొద్దు

"కట్టని ఇంటి మీద మనం వెలుతురు పోస్తున్నాం కదా మాస్టారూ, అది అబద్ధం కాదా?" అని ప్రణతి అడిగిన రోజున సాంబమూర్తిగారు జవాబు చెప్పలేదు. అడిగిందానికి అప్పటికప్పుడు జవాబివ్వడం ఆయన పద్ధతి కాదు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తాపీగా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేవారు. ఆ తర్వాత అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. ఆ పద్ధతి గిట్టనివాళ్ళు ఆరునెల్లకే వెళ్ళిపోయారు. గిట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి ఉండిపోయారు.

ఆయన కాకినాడ మనిషి. భవనం కట్టకముందే అది కట్టాక ఎలా ఉంటుందో బొమ్మ వేసి చూపించడం ఆయన వృత్తి. వయసులో ఉన్నప్పుడు నీటిరంగులతో వేసేవారు. ఒక్కో బొమ్మకు పది పన్నెండు రోజులు పట్టేది. కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటి చిత్రకారులు కుంచెలు కడిగి అటకెక్కించేశారు. ఆయన మాత్రం యాభై దాటిన వయసులో, తన కొడుకు ఈడు పిల్లల పక్కన కూర్చుని ఆ విద్య కూడా పట్టుకున్నారు. ఇప్పుడు డెబ్భైకి దగ్గరపడ్డారు. మేడమీద రెండు గదుల్లో ఆయన దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. వాళ్ళలో ప్రణతి ఒకతె. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదువుకుని, రెండేళ్ళ కిందట ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి చేరింది.

కంప్యూటర్‌లో గోడలు, కిటికీలు, మెట్లు లేపడం కాస్త ఓపికుంటే ఎవరైనా నేర్చుకుంటారు. అప్పటికి అదంతా మట్టిబొమ్మలా బూడిదరంగులో, జీవం లేకుండా ఉంటుంది. దాని మీదికి పొద్దును ఏ మూల నుంచి పంపాలి, ఏ కిటికీలో దీపం వెలిగించాలి, ఏ గోడను నీడకు వదిలెయ్యాలి అన్న దగ్గరే పనితనం తెలుస్తుంది. ప్రణతి ఎక్కువగా సాయంత్రపు ఎండ పెట్టేది. ఆ ఎండ బాల్కనీలోకి ఏటవాలుగా జారి, కుర్చీ చేతుల మీదా పూలకుండీ మీదా పసుపు పూసినట్టు పడేది. లోపలి గదిలో దీపం అప్పుడే వెలిగించినట్టుండేది. చూసినవాళ్ళకు ఆ ఇంట్లో తమకోసం ఎవరో కాఫీ కలుపుతున్నారనిపించేది. ఆ అమ్మాయి చేతనే బొమ్మ వేయించాలని బిల్డర్లు పట్టుబట్టేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం సువర్చల అనే ఆవిడ బిల్డరు దగ్గర అడ్రసు కనుక్కుని మెట్లెక్కి వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చేతిసంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ప్రణతి ముందు పరిచింది. అది మూడేళ్ళ నాటి ఒక అపార్ట్‌మెంటు కరపత్రం. అందులో ఉన్నది ప్రణతి ఈ పనిలో మొట్టమొదట వేసిన బొమ్మల్లో ఒకటి; చదువుకుంటుండగానే ఎవరో అడిగితే వేసిచ్చింది. ఆవిడ బాల్కనీ మీద వేలుపెట్టి, అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుందామనే ఆ ఇల్లు తీసుకున్నానని చెప్పింది. చేరి ఏడాది కావస్తోందట. గొంతులో నిష్ఠూరం లేదు. రైలెప్పుడొస్తుందని స్టేషన్లో అడిగినంత మామూలుగా అడిగింది.

"ఈ వెలుతురు ఏ నెలలో వస్తుందమ్మా?"

ప్రణతి తన పాత ఫైళ్ళలో ఆ భవనం ప్లాను వెతికి తీసింది. ఆవిడ బాల్కనీ ఉత్తరం వైపు తిరిగి ఉంది. ఎదురుగా ఇరవై అడుగుల్లో ఇంకో భవనం గోడ. అప్పుడు ఏదో ఒకటి చెప్పి పంపెయ్యవచ్చు. చైత్రంలో వస్తుందనో, ఎదురు గోడకు తెల్లరంగు వేయించమనో అనవచ్చు. అవేమీ నోటికి రాలేదు. ఏ నెలలోనూ రాదనీ, అది తను పెట్టిన వెలుతురనీ ఉన్నమాట చెప్పేసింది. సువర్చల బొమ్మ మీదనుంచి వేలు తీసేసింది. "అలాగా" అంది. కాగితాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి సంచీలో పెట్టుకుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ కోప్పడి ఉంటే ప్రణతి ఎలాగో సర్దుకునేది. ఆ ఒక్క 'అలాగా' మాత్రం ముల్లులా దిగి లోపలే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే మాస్టారిని ఆ ప్రశ్న అడిగింది. అడగడం మాటకే గానీ, జవాబు అప్పటికే తను నిర్ణయించేసుకుంది. ఇకమీదట తను వేసే ఏ బొమ్మలోనూ మనసును కరిగించే వెలుతురు ఉండదని ఆయనతో చెప్పింది. పొద్దును నడినెత్తిన నిలబెడుతుంది. తెల్లటి ఎండ. ప్రతి మూలా ఒకేలా కనబడుతుంది. మురిపించడమూ ఉండదు, మోసపుచ్చడమూ ఉండదు. ఇష్టమైతే కొనుక్కుంటారు, లేకపోతే లేదు. మాస్టారు అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. బల్లమీదున్న ఒక ప్లానుచుట్ట తీసి ఆమె చేతికిచ్చి, ఇసకపాలెం వాళ్ళకు పదిరోజుల్లో బొమ్మ కావాలన్నారు.

ఇసకపాలెం కాకినాడకు ఉత్తరాన గంట ప్రయాణం. చేపలవేట మీద బతికే ఊరు. సముద్రం ఏటా కొంచెం కొంచెం ముందుకొచ్చి ఒడ్డును కోసుకు తింటోంది. అప్పటికి రెండు వరసల ఇళ్ళు పోయాయి. కిందటేడు ఆడవాళ్ళు పడవలకోసం ఎదురుచూస్తూ కూర్చునే తాటాకుల పాక కూడా పోయింది. అంతకు ముందటేడు తుపాను నాడు పిల్లల్ని భుజాన వేసుకుని, నడుంలోతు నీళ్ళలో రెండు మైళ్ళు నడిచి బడికి చేరుకున్నారు. ఇది విని ఒక ధర్మసంస్థ వాళ్ళు ముందుకొచ్చారు. ఒడ్డుకు రెండొందల అడుగులు వెనక, ఇసకదిబ్బ మీద ఒక భవనం. కింద నాలుగు పక్కలా తెరిచిన సావడి: చేపలు వేరుచేసుకోడానికి, కూర్చోడానికి. పైన తుపానొస్తే తలదాచుకోడానికి గట్టి గదులు. రాజమండ్రి నుంచి డేనియల్ అనే ఆర్కిటెక్టు ప్లాను గీశారు. మంచివాడని, అనుభవజ్ఞుడని పేరు.

అన్నీ అమరాయి గానీ ఊళ్ళో ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఒడ్డు విడిచి రామన్నారు. నెలాఖరులోగా ఊరంతా కలిసి సరేనని సంతకాలు పెట్టకపోతే ఆ భవనం ఇంకో పాలేనికి వెళ్ళిపోతుంది. మళ్ళీ తుపానొస్తే మళ్ళీ అదే రెండు మైళ్ళు. ఆ సంగతి ఒప్పుకోనివాళ్ళకూ తెలుసు. ప్లాను కాగితం చూపిస్తే వాళ్ళకు గీతలే కనబడుతున్నాయని, బొమ్మ చూస్తే నమ్మకం కుదురుతుందేమోనని డేనియల్‌గారు మాస్టారిని అడిగారు.

ప్రణతి నాలుగు రోజుల్లో బొమ్మ తయారుచేసింది. అనుకున్నట్టే మిట్టమధ్యాహ్నం. సావడి స్తంభాలు, మెట్లు, పైగదుల కిటికీలు అన్నీ గీతగీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. దేని నీడ దాని కిందే అణిగి ఉంది. పెద్ద కాగితం మీద అచ్చువేయించుకుని మాస్టారితో కలిసి బస్సెక్కింది.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఒక వింత కనబడింది. ఎండుచేపల రాశి మీద మంచుకు తడవకుండా ఒక ఫ్లెక్సీ కప్పారు. అది వీళ్ళకంటే ముందు ఎవరో వచ్చి చూపించిన కాలనీ బొమ్మ. ఎర్రటి సాయంత్రం, బంగారపు గోడలు, వెనక సముద్రంలో మునుగుతున్న సూర్యుడు. తూర్పు సముద్రంలో సూర్యుణ్ణి ముంచినవాడు ఎప్పుడైనా ఈ ఒడ్డున నిలబడ్డాడా అని ఊరు ఊరంతా నవ్వుకుందట. నవ్వుకుని, గుడ్డ మందంగా ఉందని దాచుకున్నారు. ప్రణతికి కూడా నవ్వొచ్చింది. తన బొమ్మలో అలాంటి వేషాలేవీ లేవని లోలోపల కాస్త ధైర్యం కూడా వచ్చింది.

ఆడవాళ్ళ తరపున మాట్లాడే మనిషి నూకాలమ్మ. యాభై అయిదేళ్ళుంటాయి. భర్తను సముద్రం పుచ్చుకుంది. ఇద్దరు కొడుకులు అదే సముద్రం మీదికి ఒకే పడవలో వెళుతున్నారు. ఆమె బొమ్మను గోడకు ఆనించి, దూరంగా జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి చూసింది. వెనక పాతికమంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆఖరికి నూకాలమ్మే అడిగింది.

"ఈ బొమ్మలో పొద్దెంతయ్యిందమ్మా?"

పన్నెండు గంటలని ప్రణతి చెప్పింది. అన్నీ సమంగా కనబడాలని ఆ వేళ ఎంచుకున్నానని కూడా చెప్పింది.

"మిట్టమద్దేన్నం మేమెవరం ఇక్కడుండం తల్లీ. తట్టలెత్తుకుని ఊళ్ళమ్మట తిరుగుతుంటాం. మగాళ్ళు పడుకునుంటారు. ఎవరూ లేని ఊరికి మేడ కట్టి చూపించావు."

ఆమె మాటలో ఎగతాళి లేదు. ప్రణతికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. అబద్ధం చెప్పకూడదనుకుని ఆమె అంత కష్టపడి పెట్టిన వెలుతురు అది. మాస్టారి వంక చూసింది, ఏదైనా మాట సాయం చేస్తారేమోనని. ఆయన బొమ్మను చుట్ట చుడుతూ, మీరందరూ ఇక్కడుండే వేళకు ఈ అమ్మాయి వస్తే చూడనిస్తారా అని నూకాలమ్మను అడిగారు. ఈ రాత్రికి మా ఇంట్లో పడుకోమనండి, తెల్లారగట్ల నాతో తీసుకెళతానని ఆమె అంది. మాస్టారు తిరుగు బస్సు ఎక్కేముందు ప్రణతి చేతిలోంచి ఫోను తీసుకుని తన జేబులో వేసుకున్నారు. ఫోటోలుంటే కళ్ళకు బద్ధకం వస్తుందని మాత్రం అన్నారు.

మర్నాడు తూర్పు తెల్లబారుతుండగా నూకాలమ్మ వెంట ప్రణతి ఒడ్డుకు వెళ్ళింది. పుష్యమాసపు చలి. అప్పటికే ముప్ఫైమంది దాకా వచ్చి ఇసకలో కూర్చున్నారు. పాక ఉన్నప్పుడు ఎవరి చోటు ఎక్కడో, పాక పోయాక కూడా వాళ్ళు అక్కడే కూర్చుంటున్నారని నూకాలమ్మ చెప్పింది. ఇంకా పొద్దు పొడవలేదు. అప్పటి వెలుతురుకు నీడ అనేది లేదు. ఇసకా నీళ్ళూ మొహాలూ అన్నీ బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉన్నాయి. ఆ వెలుతురులో ఎవరి వయసెంతో, ఎవరికేం కష్టముందో తెలియడం లేదు. ప్రణతి ఆ రంగును ఎప్పుడూ ఏ బొమ్మలోనూ పెట్టలేదు. అందులో పెట్టడానికేమీ లేదనుకునేది.

పొద్దు పొడిచింది. ఆ నెలలో సూర్యుడు తిన్నగా తూర్పున కాకుండా కాస్త దక్షిణానికి జరిగి లేస్తాడు. పడవలు కూడా ఆ మూలనుంచే, ఇసకతిన్నె చుట్టూ తిరిగి వస్తాయి. అంచేత చూడవలసిన చోటే చూడలేనంత వెలుతురు. ఆడవాళ్ళు పమిట చెంగు నుదుటి మీదికి లాక్కుని, కళ్ళు చిట్లించి, కాస్త పక్కకు వాలి చూస్తున్నారు. నల్లటి చుక్కలా ఒకటి కనబడుతుంది. అది పడవగా మారడానికి చాలాసేపు పడుతుంది. ఎవరిదో పోల్చగానే ఒకామె ఏమీ అనకుండా లేచి తట్ట అందుకుంటుంది. అలా ఒక్కొక్కరే లేస్తున్నారు. మొత్తం పదకొండు పడవలు. పది వచ్చాయి. నూకాలమ్మ కొడుకులది రాలేదు.

మిగిలినవాళ్ళు వలల దగ్గరికి వెళ్ళకుండా ఆమె చుట్టూ ఏదో పనున్నట్టు తచ్చాడుతున్నారు. నూకాలమ్మ ప్రణతితో ఇంటి చూరు కురుస్తున్న సంగతి చెబుతోంది. ఏ మూల కురుస్తుందో, కింద ఏ గిన్నె పెడుతుందో వివరంగా చెబుతోంది. చెబుతున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి పక్కనున్న ఇసకను తవ్వుతూనే ఉంది. అప్పటికే జానెడు గొయ్యి పడింది. పొద్దు బారెడెక్కింది. వెలుతురు ఇందాకటికంటే ఇంకా అందంగా ఉంది. నీళ్ళమీద రేకులు రేకులుగా మెరుస్తోంది. ఆ అందాన్ని చూస్తుంటే ప్రణతికి మొదటిసారి భయం వేసింది.

తిన్నె మలుపులో చుక్క కనబడింది. నూకాలమ్మ మాట ఆపలేదు. చెయ్యి మాత్రం ఆగింది. "కుడిపక్కకి ఒరిగి వత్తంది. పెద్దోడు ఎప్పుడూ అటే కూచుంటాడు" అని, చూరు సంగతి ఎక్కడ ఆపిందో అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెట్టింది. అందరూ ఒక్కసారిగా పెద్దగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు ఆ ముసలి మొహం మీదున్న వెలుగులో ఎంత పొద్దుదో, ఎంత ఆమెదో ప్రణతి విడదీసి చెప్పలేకపోయింది.

తిరిగి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఊరు ఎక్కడుందో, నెల ఏదో, గంట ఎంతో చెబితే ఆ వేళకు సూర్యుడు ఎక్కడుంటాడో అక్కడే నిలబెట్టే సౌకర్యం అందులో ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని పక్కనబెట్టి తనకు నచ్చిన చోట నిలబెట్టుకునేది. ఇప్పుడు ఇసకపాలెం, పుష్యమాసం, ఉదయం ఏడుంబావు అని చెప్పింది. సావడిలో ముప్ఫైమంది ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. పొద్దు పొడిచింది. పొడవగానే ఒక సంగతి బయటపడింది.

పైకెక్కే మెట్ల గది సావడికి ఆగ్నేయ మూల ఉంది. నిలువెత్తు గోడ. మధ్యాహ్నపు బొమ్మలో దాని నీడ దాని కాలికిందే నక్కి ఉంది గనక ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు ఆ నీడ సావడి ఆ చివరనుంచి ఈ చివరదాకా పొడుగ్గా సాగి, సరిగ్గా ఆడవాళ్ళు కూర్చున్న చోట పడింది. నీడ పడితే పడింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. వాళ్ళ కళ్ళ ఎత్తులో నిలబడి చూస్తే ఆ గోడ ఇసకతిన్నె మలుపును పూర్తిగా మూసేసింది. పడవ వచ్చేది ఆ గోడ వెనక నుంచి.

ఆ నీడను తుడిచేయడం ఆమెకు క్షణం పని. కనబడని దీపం ఒకటి సావడి కప్పుకింద వేలాడదీస్తే చాలు. బొమ్మ చూసేవాడికి ఆ దీపం కనబడదు, దాని వెలుతురే కనబడుతుంది. ఈ పనిలో అందరూ చేసేదే. దీపం పెట్టి చూసింది. నీడ వెన్నలా కరిగిపోయింది. మొహాలు వెలిగాయి. చూపును కాస్త ఎడమకు జరిపితే మెట్ల గది కూడా బొమ్మ అంచుకు వెళ్ళిపోయింది. ఎంత బాగుందంటే, ఇది చూపిస్తే ఊరంతా ఆ రోజే సంతకాలు పెట్టేస్తారని ఆమెకు నమ్మకం కలిగింది. సంతకాలు పెడితే మంచే కదా, తుపానునాడు ప్రాణాలు నిలబడతాయి కదా అని కూడా అనిపించింది. ఆ బొమ్మ ముందు చాలాసేపు కూర్చుంది. మేడ కట్టాక ఒక ఉదయం నూకాలమ్మ అక్కడికొచ్చి కూర్చోవడం, గోడవంక చూడడం, మళ్ళీ ఒడ్డుకు దిగి ఇసకలో తన పాత చోటికి వెళ్ళిపోవడం కళ్ళకు కట్టింది. దీపం తీసేసింది.

నీడతో ఉన్న బొమ్మనే మాస్టారికి చూపించింది. ఆయన దగ్గరగా వంగి చూసి, డేనియల్‌గారికి ఫోను చేశారు. ఆయన మర్నాడే వచ్చారు. బొమ్మ చూసి మొదట చిరాకుపడ్డారు. ప్లాను ధర్మసంస్థవాళ్ళు ఒప్పుకున్నదట, నెలాఖరు ఎంతో దూరం లేదట. తుపానులో పరుగెత్తుకొచ్చేవాళ్ళకు మెట్లు ఎదురుగా ఉండాలని ఆలోచించే ఆ మూల పెట్టారట. అందులో అబద్ధం లేదు. తర్వాత, బొమ్మలో ఆ నీడను కాస్త తేలిక చేస్తే సరిపోతుంది కదా అన్నారు.

"బొమ్మలో తేలిక చేస్తే కట్టాక బరువవుతుందండీ" అంది ప్రణతి. అని, పెద్దాయనతో అలా అన్నందుకు తనే తడబడింది. తను ఒడ్డున చూసిందంతా చెప్పింది. పదకొండో పడవ సంగతి కూడా చెప్పింది. డేనియల్‌గారు బొమ్మవంకే చూస్తూ విన్నారు. ఆయన అరవై ఊళ్ళలో భవనాలు కట్టిన మనిషి. తన గోడ ఒకరి చూపుకు అడ్డం పడిందంటే కష్టంగానే ఉంటుంది. ఆఖరికి పెన్సిల్ అడిగారు. ప్లాను మీద మెట్ల గదిని కొట్టేసి, నైరుతి మూలకు జరిపి గీశారు. జరిపితే తుపాను నాడు ఒడ్డువైపునుంచి వచ్చేవాళ్ళు పాతిక అడుగులు ఎక్కువ నడవాలని, దానికి ఊరివాళ్ళు ఒప్పుకోవాలని చెప్పారు. ఆ సంగతి వాళ్ళనే అడుగుదామన్నారు మాస్టారు.

నెలాఖరుకు మూడు రోజుల ముందు ముగ్గురూ కలిసి ఇసకపాలెం వెళ్ళారు. కొత్త బొమ్మను నూకాలమ్మ ఇంటి గోడకు ఆనించారు. అందులో పొద్దు నీళ్ళు విడిచి బారెడు లేచింది. సావడి నేల ఇంకా మంచుకు తడిసి ఉంది. వెలుతురు స్తంభాల మధ్యనుంచి వంగి లోపలికొచ్చి, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళదాకా పాకింది. వాళ్ళ మొహాలు కాస్త మసకలోనే ఉన్నాయి. పమిట చెంగులు నుదుళ్ళమీదికి లాక్కుని ఉన్నారు. ఒడ్డున పది పడవలు. దూరంగా తిన్నె మలుపులో, కన్ను చెదిరే వెలుగు మధ్య నల్లటి చుక్క ఒకటి.

కిందటిసారిలాగే అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈసారి కూడా తప్పిందనుకుంది ప్రణతి. అంతలో వెనకనుంచి ఒక పడుచుపిల్ల ముందుకొచ్చి, ఆ చుక్కమీద వేలుపెట్టి అది ఎవరి పడవ అని అడిగింది. ఇంకొకామె అది మాదే, మావాళ్ళే ఎప్పుడూ ఆఖరున వస్తారంది. కాదు, ఆ తీరు చూస్తే సూరాడ ఇంటిపేరువాళ్ళదిలా ఉందని మరొకామె అంది. మాట మాట పెరిగింది. అక్కణ్ణించి సావడిలో ఎవరెక్కడ కూర్చోవాలన్న తగువులోకి వెళ్ళింది. స్తంభం పక్క చోటు తనదని ఒక ముసలావిడ ఖాయం చేసుకుంది. సావడి అంచున అరుగు మరీ ఎత్తుగా ఉందని, తట్ట దించుకోడానికి నడుం పట్టేస్తుందని, ఒక జానెడు తగ్గించమని డేనియల్‌గారికి చెప్పారు. ఆయన రాసుకున్నారు. రాసుకుంటూనే మెట్ల సంగతి దాచకుండా చెప్పారు: మెట్లు ఈ మూలనుంచి ఆ మూలకు జరిపాం, తుపాను నాడు పాతిక అడుగులు ఎక్కువ పరుగెత్తాలి, ఆలోచించుకోండి అని.

నూకాలమ్మ అంతవరకూ బొమ్మకు ఎదురుగా కింద కూర్చుని ఉంది. కూర్చున్న చోటనుంచి కదలకుండానే చెప్పింది.

"తుపాను వత్తాదని రెండ్రోజులు ముందే మైకులో చెప్తారు బాబూ. పడవ వత్తాదో రాదో ఏ రోజూ ఎవరూ చెప్పరు. మెట్లు ఆ మూలకే పెట్టండి."

ఆమె ముందు సంతకం పెట్టింది. తర్వాత మిగిలినవాళ్ళు పెట్టారు. కొందరు పేరు రాశారు, కొందరు వేలిముద్ర వేశారు. పొద్దున్న వేటనుంచి వచ్చి పడుకున్న మగవాళ్ళను కూడా లేపుకొచ్చి పెట్టించారు. బొమ్మ ఇక్కడే ఉంచుకోవచ్చా అని నూకాలమ్మ అడిగితే మాస్టారు సరేనన్నారు. ఆమె దాన్ని చూరు కురవని గోడ ఏదో చూసి ఆ గోడకు కట్టించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ప్రణతికి మనసు నిండుగానే ఉంది. అయినా ఏదో ఒక మూల చిన్న వెలితి. అది చెప్పుకోడానికి సిగ్గుగా కూడా ఉంది. ఊరు దాటి సరుగుడు తోటల్లోకి వచ్చాక మెల్లగా చెప్పింది. ఆ వెలుతురు కోసం మూడు రోజులు కూర్చుంది. మోకాళ్ళదాకా పాకాలా, నడుందాకా పాకాలా అని ఎన్నిసార్లు మార్చిందో లెక్కలేదు. పడవ గురించి మాట్లాడారు, అరుగు గురించి మాట్లాడారు, మెట్ల గురించి మాట్లాడారు. వెలుతురు గురించి మాత్రం ముప్ఫైమందిలో ఒక్కరూ ఒక్క మాట అడగలేదు.

సాంబమూర్తిగారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ పడవ ఎవరిదని అడిగారు కదమ్మా. వెలుతురు గురించి అంతకంటే ఏం అడుగుతారు?"